ఇనప బిళ్ళ మీద సున్నా

సంచిలో ముందు రెండు లుంగీలు పెట్టాను. వాటి మీద మా అమ్మాయి నజీరా పెళ్ళికి కుట్టించిన తెల్ల చొక్కా, చొక్కా మడతలో డాక్టరుగారు ఇచ్చిన ఉత్తరం. జొన్నరొట్టెలు ఆరు ఒక గుడ్డలో కట్టాను. పండుమిరపకాయల పచ్చడి చిన్న సీసాలో పోసి మూతకి మైనం అంటించాను. కుక్కకి ఎండురొట్టెలు వేరే గుడ్డలో కట్టాను. చెంబు పైన, చేతికి అందేలా పెట్టాను. అన్నిటికంటే అడుగున ఒక అట్టముక్క. దాని మీద నా చేత్తో ఇలా రాశాను: "ఇతని పేరు బుడాన్. తండ్రి గౌస్ బాషా, పశువుల ఆసుపత్రి, పర్చూరు, గుంటూరు జిల్లా. ఇతనికి చెవులు వినపడవు, మాట రాదు. దయచేసి సాయం చేయండి." జేబులో పెడితే చెమటకి తడిసి అక్షరాలు చెరిగిపోతాయని భయపడ్డాను. అందుకే సంచిలో పెట్టాను.

"ఎన్నిసార్లు విప్పి కడతావే ఆ సంచిని? చీరాల బస్సు పోద్ది," అన్నాడు మా ఆయన.

"చెంబు పైన పెట్టానా లేదా అని చూస్తన్నా."

"పెట్టావు. మూడుసార్లు పెట్టావు."

బుడాన్ గడప బయట కుక్క పక్కన కూర్చుని ఉన్నాడు. దాని కుడి కన్ను తెల్లగా గాజు గోళీలా బయటికి పొంగి ఉంది. ఎడమ కన్ను ఎర్రబడి నీళ్ళు కారుతోంది. వాడు ఆ నీళ్ళని పంచె చెంగుతో అద్దుతున్నాడు. సంచి తెచ్చి పక్కన పెడితే చూడకుండానే భుజానికి తగిలించుకున్నాడు. అప్పటికి పన్నెండు రోజులుగా వాడు నా ముఖం చూడడం లేదు.

బుడాన్ మా పెద్దవాడు. అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నాలుగేళ్ళప్పుడు వచ్చిన జ్వరంలో చెవులు పోయాయి. నేర్చుకున్న నాలుగు మాటలూ ఏడాది తిరక్కుండా మరిచిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో చేతులే మాటలు. నన్ను పిలవాలంటే ముక్కు పక్కన, నాకు ముక్కుపుల్ల ఉండే చోట, చూపుడువేలు ఆనించేవాడు. కుక్కని చెప్పాలంటే పోలీసు సలాం కొట్టినట్టు చెయ్యి నుదుటికి తీసుకెళ్ళేవాడు. ఎందుకలా అనుకున్నాడో తెలియదు. ఆ సైగ చూసే మేం దానికి సిపాయి అని పేరు పెట్టాం.

వాడి పని మిరపకాయల కల్లానికి కాపలా. మాఘం నుంచి చైత్రం దాకా పర్చూరు చుట్టూ పొలాలన్నీ ఎర్రటి చాపలు పరిచినట్టు ఉంటాయి. కాయ ఎండేదాకా గొడ్లు రాకుండా, దొంగలు పడకుండా, నిప్పు రాజకుండా చూడాలి. చెవులు లేనివాడికి కాపలా ఎలా ఇచ్చారని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. సిపాయి ఉంది కాబట్టి ఇచ్చారు. అలికిడి అయితే అది మొరగదు. మొరిగితే వాడికి వినపడదని తెలుసు. పరుగున వచ్చి పంచె పట్టి లాగుతుంది, తర్వాత ఆ వైపు చూసి నిలబడుతుంది. వాడు దాని చూపు వెంట చూస్తాడు. వెనక నుంచి ఎడ్లబండి వస్తుంటే మోకాలికి తలతో పొడిచి పక్కకి నెడుతుంది. మా అత్త బతికుండగా కుక్క గడప దాటితే ఇల్లంతా కడిగించేది. అలాంటిది దాని ఒంటి మీద చెయ్యి వేసి, నా కొడుకుని చూసుకో అని నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

ఆ ఏడు కాయ కోతలు మొదలైన వారానికి దాని కుడి కన్ను ఎర్రబడింది. మిరప ఘాటు అనుకున్నాం. చనుబాలు పిండమన్నవాళ్ళు కొందరు, తేనె రాయమన్నవాళ్ళు కొందరు. రెండూ అయ్యాక కంటి మీద నీలంగా పొర కమ్మింది. బుడాన్ వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాడు. మా ఆయన అక్కడే అటెండరు. గొడ్లని పడేసి పట్టుకోవడంలో ఆయన చేతిని మించింది లేదనేవాళ్ళు. మా ఇల్లు ఆసుపత్రి వెనకే.

డాక్టరు క్రీస్తుదాసుగారు కొత్తపట్నం వైపు మనిషి. మద్రాసులో చదివి మొదటి ఉద్యోగానికి మా ఊరు వచ్చారు. ఆయన దగ్గర ఒక చిన్న పెట్టె ఉండేది. కళ్ళ డాక్టరుగా చేసి మానేసిన మేనమామ ఇచ్చారట. లోపల వేళ్ళ మధ్య పట్టుకునే పరికరం. కింద గుండ్రటి బుల్లి పాదం, దాని మధ్యలోంచి సన్నని కడ్డీ, పైన చంద్రవంకలా గీతలు, ఆ గీతల మీద తిరిగే ముల్లు. అది మనుషుల కళ్ళకి చేసింది. కుక్కలకీ పనికొస్తుందని డాక్టరుగారు అన్నారు.

"కంట్లో నీరు ఊరుతూ ఉంటుంది, బయటికి పోతూ ఉంటుంది. పోయే దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. సైకిలు ట్యూబులో గాలి ఎక్కువైనట్టు. ఆ ఒత్తిడి ఎంతో ఇది చెబుతుంది."

ముందు పెట్టెలో ఉన్న ఇనప బిళ్ళ మీద దాన్ని నిలబెట్టారు. ముల్లు సున్నా దగ్గర ఆగింది. "సరిగానే ఉంది," అన్నారు. సిపాయిని వెల్లకిలా పడుకోబెట్టి, కంట్లో తిమ్మిరి చుక్కలు వేశారు.

"మెడ పట్టుకోకు గౌస్ బాషా. మెడ నొక్కితే కంట్లో ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది. దవడ కింద చెయ్యి పెట్టు. ఆఁ, అలాగే."

నేను గోడ దగ్గర నిలబడ్డాను. ఆయన ముల్లు చూశారు. తర్వాత పెట్టె మూతలో అంటించిన కాగితం చూశారు. "నలభై," అన్నారు.

గోడ అవతలి నుంచి తొంగి చూస్తున్న ఆదెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాతో కాయ ఏరడానికి వచ్చే మనిషి ఆమె. "మడిసికి కళ్ళజోడు లేదు గానీ కుక్కకి కంటి డాక్టరా! రేపు దానికి పళ్ళు గూడా కట్టిస్తారేంది అక్కా?"

"కట్టిస్తాం. ముందు నీకు కట్టించి, మిగిలితే దానికి," అన్నాను. అందరం నవ్వాం. అందరూ నవ్వుతుంటే చూసి బుడాన్ కూడా నవ్వాడు.

చుక్కల మందు, మాత్రలు పది రోజులు పడ్డాయి. డాక్టరుగారు మళ్ళీ కొలిచి, కాగితం చూసి, "ఇరవై. బాగుంది," అన్నారు. కంటి మీద పొర పలచబడింది. అప్పుడే ఆయన్ని గొడ్లకి టీకాలు వేయడానికి వినుకొండ వైపు మూడు వారాలు పంపించారు. వెళ్తూ పెట్టె మా ఆయన చేతికిచ్చారు. మూడు రోజులకోసారి కొలిచి పుస్తకంలో రాయమన్నారు. నాకు చదువు వచ్చని తెలిసి తెలుగులో ఒక చీటీ రాసిచ్చారు: "ఒత్తిడి ముప్పై దాటితే ఆలస్యం చేయకుండా గుంటూరు పశువుల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి."

నేను బడికి పోలేదు. మా ఆయన తెచ్చే ఖాళీ మందు సీసాల మీది కాగితాలూ, కొట్లో పొట్లం కట్టిన కాగితాలూ చూసి చూసి అక్షరాలు పట్టుకున్నాను. మా వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నాకది గొప్పగా ఉండేది. ఆ చీటీని నాలుగుసార్లు పైకి చదివి ఆయనకి వినిపించాను.

మొదటిసారి కొలిచిన రోజు బుడాన్ కుక్కని పట్టుకున్నాడు. ఆయన పరికరాన్ని ఇనప బిళ్ళ మీద పెట్టి చూసి, కంటి మీద ఆనించాడు. అంకె చదవడం నా పని.

"ఎంత?"

"నాలుగు."

"నాలుగేనా? ఇరవై అన్నారుగా డాక్టరుగారు."

"ఇరవై నించి నాలుక్కి దిగింది. మందు బాగా పట్టిందన్నమాట."

ఆయన పరికరం తుడిచి పెట్టెలో పెడుతూ ఆగాడు. "డాక్టరుగారు ముల్లు చూసి ఊరుకునేవారు కాదే. ఈ మూతలో కాయితం గూడా చూసేవారు."

ఆ కాగితం నిండా ఇంగ్లీషు. రెండు వరసలుగా అంకెలు ఉన్నాయి. అంకెలు నాకు వచ్చు. ఒక వరసకీ రెండో వరసకీ సంబంధం ఏమిటో అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పాలనిపించలేదు.

"అది వాళ్ళకి. మనకి తెలుగులో రాసిచ్చారు గదా. ముప్పై దాటితే అన్నారు. నాలుగు ముప్పై దాటిందా?"

"దాటలేదు," అన్నాడు.

తర్వాత మూడు వచ్చింది. రంజాన్ పండుగ రోజున రెండు. ఆ రోజు సేమ్యా పాయసంలో కొంచెం తీసి సిపాయి ముందు పెట్టాను. వాసన చూసి తల తిప్పుకుంది. పోయి తలని గోడకి ఆనించి, అలాగే నెడుతూ నిలబడింది.

మా ఆయన దాని రెప్ప మూసి పైన వేలితో మెల్లగా నొక్కి చూశాడు. "గోళీకాయలాగా తగుల్తందే నా వేలికి."

"వేలికేం తెలుసు అంకెలు?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఆ వేళ్ళతో చూలు గొడ్ల కడుపులో దూడ ఎటు తిరిగి ఉందో చెప్పిన మనిషి.

ముల్లు ఒకటి మీదికి వచ్చిన రోజు బుడాన్ నా దగ్గరికి వచ్చాడు. ముక్కు పక్కన వేలు పెట్టి పిలిచాడు. నా చెయ్యి పట్టుకుని సిపాయి కంటి మీద పెట్టించాడు. తర్వాత అదే చెయ్యి పట్టుకుని పెరట్లో రుబ్బురోలు దగ్గరికి తీసుకెళ్ళి, పొత్రం మీద పెట్టి నొక్కాడు. రాయి అని చెబుతున్నాడు. నాకు తెలిసింది. నేను లోపలికి పోయి పుస్తకం తెచ్చి నాలుగు, మూడు, రెండు, ఒకటి అని వేళ్ళతో చూపించి, తగ్గుతోందని అరచెయ్యి కిందికి దించి నవ్వాను. వాడు పుస్తకాన్ని నా చేతిలోంచి కొట్టేశాడు. అంతకు ముందెప్పుడూ నా మీద అలా చెయ్యి విసరలేదు. నాకు కోపం వచ్చి రెండు రోజులు వాడితో మాట్లాడలేదు, అంటే చేతులు కదపలేదు.

తర్వాత కొలిచినప్పుడు సున్నా. సున్నా కంటే మంచిది ఏముంటుంది? ఒత్తిడి పూర్తిగా పోయిందనుకున్నాను. ఇంటికొచ్చిన ఆదెమ్మకి బెల్లంముక్క పెట్టాను. ఆమె వాకిట్లో నిలిపి ఉన్న బండి చక్రానికి సిపాయి గుద్దుకోవడం చూసింది.

"అక్కా, నీ పుస్తకంలో కన్ను బాగుంది గానీ, కుక్క మొహంలో బాగా లేదే," అంది.

డాక్టరుగారు వచ్చిన రోజే మేం కుక్కని తీసుకెళ్ళాం. ఆయన దాన్ని చూడగానే కుడి కన్ను పోయిందన్నారు. పుస్తకం అడిగి నా అంకెల మీద వేలు నడిపారు.

"ఇవి ఒత్తిడి అంకెలా, ముల్లు చూపించిన అంకెలా?"

"రెండూ ఒకటే గదండీ."

ఆయన పెట్టె తెరిచి ఇనప బిళ్ళ తీశారు. పరికరం దాని మీద పెట్టారు. నెలరోజులుగా నేను చూస్తున్నదే. ముల్లు సున్నా.

"ఇది ఇనుము అమ్మా. కడ్డీ దీంట్లోకి దిగదు. అందుకే సున్నా. కన్ను మెత్తగా ఉంటే కడ్డీ దిగుతుంది, ముల్లు పైకి పోతుంది. గట్టిపడేకొద్దీ ముల్లు సున్నా వైపు వస్తుంది. నాలుగు ఉంటే ఒత్తిడి ఇరవై. రెండు ఉంటే ముప్పై. సున్నా అంటే నలభై దాటిపోయినట్టు." పుస్తకం మూసి, "చీటీలో రాసి ఉండాల్సింది. తప్పు నాది," అన్నారు.

ఆయన మంచివాడు కాబట్టి అలా అన్నారు. మూతలో కాగితం ఉంది. రెండు వరసలూ ఉన్నాయి. పండుగ రోజున రెండు వచ్చి, ఒత్తిడి ముప్పైకి చేరినప్పుడే గుంటూరు బస్సెక్కాల్సింది. ప్రతిసారీ ముందు ఇనుము మీద పెట్టి సున్నా చూసి, తర్వాత కంటి మీద పెట్టి చూశాం. కన్ను ఇనుము అవుతోందని అది చెబుతూనే ఉంది. చదివేదాన్ని నేను.

మా ఆయన బుడాన్‌కి ఏమీ చెప్పలేదు. నేనే చెప్పాను. ముక్కు పక్కన వేలు పెట్టుకున్నాను, పుస్తకం చూపించాను, సిపాయి కన్ను చూపించాను. వాడు చాలాసేపు నన్ను చూశాడు. తర్వాత లేచి కుక్కని తీసుకుని కల్లానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి అన్నం పెడితే తిన్నాడు. నన్ను మాత్రం పిలవలేదు.

పన్నెండో రోజున ఎడమ కన్ను ఎర్రబడింది. డాక్టరుగారు కొలుస్తుంటే ఈసారి నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ముల్లు ఒకటిన్నర. ఆయన కాగితం చూడకముందే, "ముప్పై దాటింది," అన్నాను.

"ఇది మందులతో ఆగదు. మద్రాసు కాలేజీలో మా సారు ఉన్నారు, కోసి దారి చేస్తారు. ఉత్తరం ఇస్తాను. ఇవాళే బయల్దేరాలి. రేపు ఎల్లుండి అనుకుంటే ఇది కూడా పోతుంది."

"నేనెళ్తానండి వాడితో," అన్నాడు మా ఆయన.

డాక్టరుగారు తల దించుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళలో గొడ్లకి గాలికుంటు తెగులు పడింది. ముందురోజే సెలవులన్నీ రద్దు చేశారు. ఉన్న అటెండరు ఈయన ఒక్కడే. ఇంట్లో నజీరాకి నెలలు నిండాయి, నొప్పులు ఇవాళో రేపో అన్నట్టుంది. అయినా నేను చీర మార్చుకుని బయటికి వచ్చాను. బుడాన్ నా వైపు అరచెయ్యి అడ్డం పెట్టాడు. వద్దని. నువ్వు మాత్రం వద్దని.

"మడిసి ఇరవై నాలుగేళ్ళోడు. బెజవాడ దాకా మిరపకాయల బళ్ళతో పోయొచ్చాడు. పోనీ," అన్నాడు మా ఆయన.

"అప్పుడు సిపాయి పక్కనుంది."

"ఇప్పుడూ ఉందిగా."

చీరాల స్టేషనులో తెలిసింది, పక్కన ఉండదని. కుక్కలు మనుషుల పెట్టెలో ఎక్కకూడదట. చివర గార్డు పెట్టెలో వాటికి ఇనప తలుపుతో చిన్న అర ఉంది. సిపాయిని అందులో పెట్టి, మెడకి చీటీ కట్టారు. బుడాన్ ముందున్న పెట్టెలో ఎక్కాడు. బండిలో వాడు ఒక చోట, వాడి చెవులు ఒక చోట. ఆ మాట ఆయనతో అన్నాను.

"లేనిపోనివన్నీ ఊహించుకుని భయపడతావేందే నువ్వు," అన్నాడు.

బండి కదిలాక వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. చెయ్యి ముఖం దాకా తీసుకెళ్ళాడు. వేలు ముక్కు పక్కన ఆగింది. చెమట తుడుచుకున్నాడో, నన్ను పిలిచాడో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

రెండు వారాలకి కార్డు వచ్చింది. కాలేజీలో పనిచేసే తెలుగాయన రాశారు. ఆపరేషను బాగా జరిగింది. ఎడమ కంట్లో ఒత్తిడి పదహారు, చూపు ఉంది. తొమ్మిదో తారీకు మంగళవారం పొద్దున బండికి బయల్దేరదీస్తున్నాం. ఆ కార్డుని డాక్టరుగారి దగ్గరికి పట్టుకుని పరుగెత్తాను. "పదహారంటే ముల్లాండీ, ఒత్తిడాండీ?" అని అడిగాను. "ఒత్తిడేనమ్మా. బాగుంది," అన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పారు. నజీరాకి అప్పటికి కొడుకు పుట్టాడు. మామయ్య వస్తున్నాడని వాడి చెవిలో చెప్పాను.

మంగళవారం మేమిద్దరం మధ్యాహ్నానికే చీరాల చేరాం. బండి వచ్చేసరికి ఎండ వాలింది. దిగినవాళ్ళలో బుడాన్ లేడు. మా ఆయన గార్డు పెట్టె వైపు వెళ్ళాడు. సిపాయి దిగింది. ఎడమ కంటితో ఆయన్ని చూసింది, నన్ను చూసింది, ప్లాటుఫారం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. కన్ను తేటగా ఉంది.

"దీని మనిషేడండీ?" అన్నాడు మా ఆయన.

"గూడూరులో వచ్చి నీళ్ళు పట్టిపోయాడు. మళ్ళీ రాలేదు. ముందు పెట్టెల్లో చూడండి," అన్నాడు గార్డు.

ఆయన ఒక్కో కిటికీ దగ్గరా ఆగి, "చెవిటి కుర్రాడండీ, చెవిటి కుర్రాడండీ," అని అడుగుతూ పోయాడు. ఒక కిటికీలోంచి తెనాలి పోయే పెద్దాయన సంచి అందించాడు.

"మీ వాడా? బిట్రగుంటలో చెంబు తీసుకుని దిగాడయ్యా. ఇంజను కూత వేసింది. మేం చప్పట్లు కొట్టాం, అరిచాం. జనంలో కనపడలేదు. బండి కదిలింది. వెనకెక్కడో ఎక్కి ఉంటాడనుకున్నాం. చెవిటోడని మాకేం తెలుసు? ఎవరన్నా చెప్పారా?"

సంచి విప్పాను. చొక్కా ఉంది, వాడి లుంగీ ఉంది. అట్టముక్క అడుగునే ఉంది. ఒక్క అక్షరం చెరగలేదు.

మా ఆయన అక్కడి నుంచే బిట్రగుంట వెళ్ళాడు. స్టేషనులో, ఇంజన్ల షెడ్డులో, పట్టాల వెంట రెండు వైపులా ఊళ్ళలో అడిగాడు. నెల్లూరు పోలీసు స్టేషనులో రాసిచ్చాడు. గాలికుంటు తగ్గాక సెలవు పెట్టి గూడూరు నుంచి ఒంగోలు దాకా ప్రతి స్టేషనులో దిగాడు. చెంబు కూడా దొరకలేదు. శవం దొరికిందని ఎవరూ చెప్పలేదు. తర్వాత చాలా ఏళ్ళు పెదకాకానిలోనో నెల్లూరులోనో చెవిటివాడు ఒకడు కనిపించాడని ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ఆయన వెళ్ళేవాడు. వేరేవాళ్ళు. వాళ్ళకి నా కొడుకు సైగలు తెలియవు. ముక్కు పక్కన వేలు పెట్టి చూపిస్తే ఆయన్ని వింతగా చూసేవాళ్ళు.

సిపాయి ఇంకా ఆరేళ్ళు బతికింది. డాక్టరుగారు బదిలీ అయ్యేదాకా నెలకోసారి దాని కన్ను కొలిచేవారు. ముల్లు నాలుగు, నాలుగున్నర. ఒకసారి చదవమని పుస్తకం నా వైపు జరిపారు. నేను చదవలేదు. ఎవరి ఉత్తరాలూ చదవడం మానేశాను. ఆదెమ్మ మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ నా ముందు కుక్క మాట ఎత్తి నవ్వలేదు. కల్లానికి వేరే కాపలా వచ్చాడు. ఎవరైనా వెనక నుంచి వస్తే సిపాయి పోయి ఆ మనిషి పంచె పట్టి లాగేది. "ఛీ, పో, వినపడతంది," అని అతను కసిరేవాడు.

నా కొడుకు బుడాన్ పంతొమ్మిది వందల అరవై మూడు మార్చి ఇరవై ఐదు, సోమవారం చీరాలలో రైలెక్కాడు. ఏప్రిల్ తొమ్మిది, మంగళవారం మద్రాసులో తిరుగు రైలెక్కాడు. కుక్క వచ్చింది. వాడు రాలేదు.